తాళాల గుత్తి పరీక్ష

మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్ అబ్బాయి పోయిన వారం కొత్త స్పీకర్లు కొన్నాడు. అబ్బాయి అంటున్నాను గాని ముప్పై దాటినవాడే. నడుమెత్తున్న నల్లటి పెట్టెలు రెండు, లిఫ్ట్‌లో పట్టక మెట్ల మీదుగా మోయించాడు. సాయంత్రం నన్ను పిలిచి సోఫాలో నడిమధ్యన కూర్చోబెట్టి, ఫోన్ మీద వేలు ఆడించి పాట పెట్టి, ఎట్లుంది ఆంటీ అని అడిగాడు. వాళ్లమ్మ ఎదురుగా వంటింటి గుమ్మంలో నిలబడి, బాగుందని చెప్పమని కళ్లతోనే బతిమాలుతోంది. ఇంకోసారి పెట్టమన్నాను. ఈ ప్రశ్న నన్ను మొట్టమొదట అడిగిన మనిషి మా మామగారు. ఆయనకు నేను మూడు నెలలపాటు వరసగా అబద్ధం చెప్పాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మొహం వేడెక్కుతుంది.

మామయ్య రైల్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. రెజిమెంటల్ బజార్ వెనక సందులో పాత పెంకుటిల్లు వాళ్లది. ఆయన తాతగారు కోస్తా నుంచి మిషన్ బడిలో పంతులు ఉద్యోగానికి వచ్చి సికింద్రాబాద్‌లో నిలిచిపోయారు. మామయ్య తరానికి మాట పూర్తిగా ఇక్కడిదే అయిపోయింది, ఆవకాయ మాత్రం అక్కడిదే మిగిలింది. నా పెళ్లిచూపులకి వచ్చినప్పుడు అత్తయ్య నా చదువు అడిగింది, వంట అడిగింది, చర్చి క్వయర్‌లో పాడతానని తెలిసి ఒక కీర్తన పాడించుకుంది. మామయ్య అంతసేపూ తలెత్తి మా ఫ్యాన్ వైపే చూస్తూ కూర్చున్నారు. కరెంటు తక్కువగా ఉండి అది నీరసంగా తిరుగుతోంది. ఫ్యాన్ మీది దుమ్ము చూస్తున్నారేమోనని మా అమ్మ బిక్కచచ్చిపోయింది. ఆయన లేచేముందు నన్ను ఒకే ఒక్క ప్రశ్న వేశారు, ఆ ఫ్యాన్ ఏమంటోందమ్మా అని. మూడు తిరుగుళ్లకోసారి టక్కుమంటోందని చెప్పాను. నాలుగు కాదు గదా అన్నారు. మూడే అన్నాను. సంబంధం ఖాయమైపోయింది. తన కోసం కాదు, తన తండ్రి ఇంట్లో చేసుకునే స్పీకర్ల కోసం నన్ను ఇంటికి తెచ్చారని మా వారు ఇప్పటికీ అందరితో చెబుతుంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

కొన్న స్పీకరంటే ఆయనకు హోటల్ భోజనంతో సమానం. ఇంట్లో చేసుకోవడం చేతకానివాళ్ల కోసం పుట్టిందని ఆయన అభిప్రాయం. ప్లైవుడ్ దుకాణానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, కుండలు కొనేవాళ్లలా ప్రతి చెక్కనీ వేలి కణుపుతో తట్టి, దుకాణదారు సహనం పూర్తిగా అయిపోయాక మొదట తట్టిన చెక్కనే తెచ్చుకునేవారు. పెట్టె ఆయనే కోసి, ఆయనే అతికించి, కింద లావు గొంతు స్పీకరు, పైన సన్న గొంతుది, అంటే ట్వీటరు, బిగించేవారు. పెట్టె లోపల శబ్దం మార్మోగకుండా దూది కూరాలి. పెళ్లయిన కొత్తలో నా దిండు రోజురోజుకీ పల్చబడుతుంటే నా తలే బరువెక్కుతోందేమోనని కొన్నాళ్లు దిగులుపడ్డాను. అత్తయ్య నవ్వి, తన దిండు ఎప్పటినుంచో హాల్లో పాడుతోందని చెప్పింది. హాల్లో నేల మీద సుద్దతో మూడు గుర్తులుండేవి, రెండు స్పీకర్లకి, ఒకటి వినేవాళ్ల కుర్చీకి. ఇల్లు ఊడ్చేటప్పుడు ఆ గుర్తులు చెరిగిన రోజు ఆయన ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే, భోజనానికి ముందు, వినడం ఉండేది. ఆకలి మీదుంటే చెవి చురుగ్గా పనిచేస్తుందని ఆయన సిద్ధాంతం. కడుపు నిండిన మనిషికి అన్నీ బాగానే వినిపిస్తాయట. పాట నడుస్తున్నంతసేపూ కుక్కర్ పెట్టకూడదు కాబట్టి ఆదివారాలు మాకు మూడింటికి ముందు అన్నం దొరికేది కాదు. తిరుమలగిరి నుంచి ఆయన స్నేహితుడొకాయన స్కూటర్ మీద వచ్చేవారు. మిలిటరీ బ్యాండులో క్లారినెట్ వాయించి రిటైరయ్యారు, ఇంట్లో అందరికీ ఆయన బ్యాండ్ బాబాయి. పాటలన్నీ అయ్యాక ఆఖర్న ఒక పరీక్ష ఉండేది. అది పూర్తిగా మామయ్య సొంత సృష్టి. అత్తయ్య నడుముకి ఎప్పుడూ ఒక తాళాల గుత్తి వేలాడేది, బీరువాది, ట్రంకు పెట్టెది, ఏనాడో పారేసిన తాళాలవి కూడా. ఆ గుత్తి చప్పుడుని ఆయన టేపులో రికార్డు చేసి పెట్టుకున్నారు. వీణ ఎట్లా మోగాలో మనకేం తెలుసు, వీణ ఇంట్లో ఉందా ఏమన్నా, రోజూ వినే తాళాలైతే మనల్ని మోసం చెయ్యవు అనేవారు. వినే మనిషి కళ్లకు తువ్వాలు కట్టుకుని కుర్చీలో కూర్చోవాలి. అత్తయ్య స్పీకరు పక్కన నిలబడి ఒకసారి నిజం గుత్తిని వేళ్ల కొసలతో ఊపుతుంది, ఒకసారి టేపు వేస్తారు. ఏది నిజమో పోల్చుకోలేకపోతే స్పీకరు పాసైనట్టు. నేను కాపురానికి వచ్చాక ఆయన స్పీకర్లు వరసగా ఫెయిలవుతూ వచ్చాయి. ప్రతిసారీ పోల్చేసేదాన్ని. ఆయనకు కోపం రాకపోగా, గర్వంగా బాబాయి వైపు చూసేవారు.

అట్లా ఉండగా ఒక క్రిస్మస్ ముందు పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. మా చర్చి పొడుగ్గా ఉంటుంది, వెనక బెంచీల్లో కూర్చునే పెద్దవాళ్లకు మా క్వయర్ పాట మాటలు కలిసిపోయి ఉత్త హోరులా చేరుతోందట. వాళ్లకోసం మంచి స్పీకర్లు రెండు, ఈస్టర్ నాటికి, మామయ్యనే చేసిపెట్టమన్నారు. ఇంటి బయటి మనిషి ఆయన్ని స్పీకరు అడగడం అదే మొదలు. అప్పటిదాకా సందులో అందరూ ఆయన్ని మంచివాడే గాని కాస్త తిక్క అనుకునేవాళ్లు. ఆ రాత్రి ఆయన రెండుసార్లు మారు వడ్డించుకుని తిన్నారు. మర్నాటి నుంచి, ఎవరూ లేనప్పుడు చర్చికి వెళ్లి నడిమధ్యన నిలబడి చప్పట్లు కొట్టి, గోడలు ఎట్లా బదులిస్తాయో వినేవారు. ఎవర్ని పిలుస్తున్నారు సార్ అని వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడట.

పెట్టెలు బ్రహ్మాండంగా కుదిరాయి. కానీ ట్వీటరు దగ్గర వచ్చింది చిక్కు. దాని వెనక రెసిస్టర్ అని చిన్న ముక్క ఒకటి ఉంటుంది, దాని గొంతుకి వేసిన కళ్లెం లాంటిది. సన్న చప్పుళ్లు సరిగ్గా రావడం లేదని మామయ్య ఒక ఆదివారం ఆ కళ్లెం కొంచెం వదులు చేశారు. మరుసటి ఆదివారం ఇంకొంచెం. పాటలో 'స' వచ్చినప్పుడల్లా నాకు చెవిలో సూది గుచ్చినట్టయింది. ఆయన మొహం చూస్తే వెలిగిపోతోంది. ఎట్లుందమ్మా అన్నారు. బాగుంది మామయ్యా అనేశాను. వచ్చేవారం ఆయనకే తెలిసి సర్దుకుంటారులే అనుకున్నాను. వచ్చేవారం ఆయన ఇంకా వదులు చేశారు, నేను మళ్లీ బాగుందన్నాను. మొదటి అబద్ధం మొహమాటానికి చెప్పింది, తరవాతివన్నీ దాన్ని కాపాడటానికి చెప్పినవి. బ్యాండ్ బాబాయి జలుబని చెప్పి చెవుల్లో దూది పెట్టుకుని రావడం మొదలుపెట్టారు. అత్తయ్య నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, నా మాట తప్ప ఆయన ఎవరి మాటా వినరనీ నేనే చెప్పాలనీ అంది. చెబుతానన్నాను. చెప్పలేదు. ఆయన చెవులు మందగిస్తున్నాయని మా అందరికీ తెలుసు. తెలియంది ఆయన ఒక్కరికే.

ఈస్టర్‌కి వారం ముందు మట్టలాదివారం, దానికి ముందు శనివారం ఆఖరి పరీక్ష పెట్టుకున్నారు. సోమవారం స్పీకర్లు చర్చికి వెళ్లాలి. చేసినవాడు పరీక్ష రాయకూడదని మామయ్య ఎప్పుడూ ఆ కుర్చీలో కూర్చునేవారు కాదు. ఆ రోజు మాత్రం, ఇంత పెద్ద పని గదా, నేనే చూసుకుంటానని తువ్వాలు తనే కట్టుకుని కూర్చున్నారు. టేపు దగ్గర నేను, గోడవారగా బాబాయి, స్పీకరు పక్కన అత్తయ్య. అత్తయ్య గుత్తిని ఎప్పటిలాగే వేళ్ల కొసలతో ఊపింది. మామయ్య ఏమీ అనలేదు. అత్తయ్య నా వైపు చూసి, మళ్లీ ఊపింది. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మెడ కొంచెం ముందుకు చాచి, పాట మొదలవబోయే ముందు కూర్చున్నట్టే చిరునవ్వుతో కూర్చుని ఉన్నారు.

"ఇగ షురూ చెయ్యి" అన్నారు.

బాబాయి తల దించుకున్నారు. అత్తయ్య ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, "ఆగుండ్రి, గుత్తి కొంగుల చిక్కింది" అంది. ఈస్టర్ నాడు మూడు వందల మంది చెవులు మూసుకుంటారు. అది కూడా తెలియక ఆయన ఇదే చిరునవ్వుతో కూర్చుంటారు. నాకు ఆ దృశ్యం కళ్లకు కట్టింది.

"అత్తయ్య రెండుసార్లు ఊపింది మామయ్యా" అన్నాను.

ఆయన వెంటనే తువ్వాలు విప్పలేదు. అట్లాగే ఉండి, స్పీకరు ఎట్లుందని అడిగారు. చెవులు కోస్తోందని చెప్పాను. ఎప్పటి సంది అన్నారు. క్రిస్మస్ నుంచి అన్నాను. అప్పుడు తువ్వాలు విప్పి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీ చేతి మీద వేశారు.

"నా చెవులు పోతే పోనియ్యి బిడ్డా" అన్నారు. "నీ చెవులున్నయ్ గదా అని బేఫికర్ ఉన్న."

తిట్టినా బాగుండేది. ఆయన చెప్పులేసుకుని బయటకు వెళ్లిపోయారు. నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అత్తయ్య ఓదార్చలేదు, తనూ నాతో పాటే కూర్చుంది. ఆదివారం వినడం పెట్టుకోలేదు. పాస్టరుగారికి చేతకాదని చెప్పేస్తారేమోనని మా వారు భయపడ్డారు, నాకూ ఆ భయమే.

సోమవారం పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి వెళ్లడానికి తయారవుతుంటే, సెలవు పెట్టమన్నారు. హాల్లో కుర్చీ సుద్ద గుర్తు మీద వేసి ఉంది. స్పీకరు వీపు విప్పి, సోల్డరింగ్ ఐరన్ కాల్చుకుని ఆయన నేల మీద కూర్చుని ఉన్నారు. నువ్వు చెప్పు, నేను చేస్త అన్నారు. ఒక రెసిస్టర్ తీసి ఇంకొకటి అతికి, ఇప్పుడెట్లుంది అన్నారు. కొంచెం నయమన్నాను, నిజంగానే నయం. మళ్లీ వంగి ఏదో చేసి, ఇప్పుడు అన్నారు. ఇంకా నయమన్నాను. "నేనేం మార్చలె" అన్నారు ఆయన, నా కళ్లలోకి చూస్తూ. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తరవాత ఇక మొహమాటపడలేదు. గీరుకుంటోంది, ఎక్కువైంది, ఇప్పుడు మరీ మూగగా ఉంది అని మొహం మీదే చెప్పాను. తిట్టుకుంటూ, అతుకుతూ, ఊడదీస్తూ మధ్యాహ్నం దాటింది. కుక్కర్ మాట ఎవరికీ గుర్తు రాలేదు. ఆఖర్న అత్తయ్య గుత్తి పట్టుకుని వచ్చింది. ఈసారి తువ్వాలు నాకు కట్టారు. మూడుసార్లలో రెండుసార్లు నేను తప్పు చెప్పాను. మామయ్య నాలుగోసారి కూడా ఆడించారు, నేను జాలిపడి తప్పు చెబుతున్నానేమోనని.

ఈస్టర్ నాడు నేను ముందు వరసలో, క్వయర్‌లో నిలబడ్డాను. స్పీకర్లు వెనక స్తంభాలకు ఉన్నాయి. పాడేవాళ్లకు అవి ఎట్లా పలికాయో ఏం తెలుస్తుంది? మామయ్య ఎప్పుడూ కూర్చునే చోటు వదిలి ఆఖరి బెంచీలోకి వెళ్లి కూర్చోవడం మాత్రం చూశాను. ఆరాధన అయ్యాక జనంలోంచి తోసుకుంటూ వెళ్లి, ఎట్లుంది మామయ్యా అని అడిగాను. ఆ ప్రశ్న నేను ఆయన్ని అడగడం అదే మొదలు.

"నాకేం తెలుస్తదమ్మా" అన్నారు. "నా పక్కన ముసలామె పుస్తకం తెరిచి మీతోటి పాడింది. ఒక్క మాట తప్పలె. నేను ఆమె నోరు చూసుకుంట కూసున్న."

ఆ తరవాత ఆయన పదిహేనేళ్లు బతికారు. ఆ ఏళ్లలో సన్నటి చప్పుళ్లు ఒక్కొక్కటే ఆయన్ని విడిచి వెళ్లాయి. పెంకుల మీద తుంపర, పిచ్చుకలు, మనవరాలి కాలి గజ్జెలు. ఏదైనా వినబడుతోందా అని నన్ను అడిగేవారు, ఉంటే ఉందని, లేకపోతే లేదని చెప్పేదాన్ని. ఆయన అంతే నమ్మకంగా తలూపి, తన పనిలో పడిపోయేవారు. ఇప్పుడు నేనూ ఆయన ఆనాటి వయసుకి చేరువయ్యాను. నా దగ్గర్నుంచి కాలం ఈపాటికే ఏమేం తీసుకుపోయిందో నాకు తెలియదు. అది ఎవరికీ చెప్పి తీసుకుపోదు, పక్కనున్న మనిషే చెప్పాలి.