పాత పాస్‌వర్డే ఉంచమన్నాను

హన్మకొండ చౌరస్తా దగ్గర మా ఆఫీసు. బజారు దుకాణాల వాళ్లకు పన్ను లెక్కలు చేసిపెడతాం. అందరిలోకీ పెద్దదాన్ని నేనే. నేను చూడనిదే ఏ కాగితమూ బయటికి పోదు. ఎవరైనా పని తెచ్చి నా బల్ల మీద పెడితే ముందు నా నోట్లోంచి వచ్చే మాట "జర ఆగు". అది జాగ్రత్త అనుకునేదాన్ని. నేనంటే వాళ్లకు గౌరవమని కూడా అనుకునేదాన్ని.

మొన్న పై గది కూడా అద్దెకు తీసుకున్నాం. కిందా పైనా అందరికీ ఒకటే ఇంటర్నెట్ అందేలా కొత్త రౌటర్ పెట్టడానికి కాజీపేట నుంచి ఒకతను వచ్చాడు. వైరు లాగడం అయ్యాక నిచ్చెన దిగి, "మేడం, దీంట్ల పాత పేరు, పాత పాస్‌వర్డే పెడ్త. అందరి ఫోన్లు, ప్రింటరు వాటంతటవే కలుస్తయి. పాస్‌వర్డ్ చెప్పుండ్రి" అన్నాడు.

నాకు తెలియదు. వైఫై వచ్చిన కొత్తలో నా ఫోను తీసుకుని ఎవరో వాళ్లే కొట్టి ఇచ్చారు. మావాళ్ల వైపు చూశాను. ఒకతను గుర్తులేదన్నాడు. ఇంకొకతనికి ఉన్నట్టుండి ప్రింటర్లో కాగితాలు సర్దే పని పడింది. "కొత్తది పెడదాం మేడం, గదే మంచిగుంటది" అంది నా పక్క సీటు అమ్మాయి.

"అందరి ఫోన్లల్ల మళ్ల ఎవలు కొడ్తరు? పాతదే ఉండనియ్యి" అని కసిరి, నా ఫోనే అతని చేతిలో పెట్టాను. నా పెత్తనం నన్ను ఊరుకోనివ్వదు కదా.

అతను సెట్టింగుల్లోకి వెళ్లి ఏదో నొక్కగానే పాస్‌వర్డ్ తెర మీదికి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని, "జరాగక్క" అని పైకి చదివాడు. నవ్వొచ్చినట్టుంది. "జరాగక్క ఎవలు మేడం?"

మావాళ్లంతా కంప్యూటర్లలోకి తలలు దూర్చారు.

"నేనే" అన్నాను.

పాపం, అతని మొహం మాడిపోయింది. మార్చేద్దామా అన్నాడు. వద్దు, పని కానిమ్మన్నాను. సిగ్గేసింది. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు, ఎప్పుడూ జర ఆగు అనే అక్కకు పేరు అంత సరిగ్గా అతికింది. ఆఫీసుకొచ్చి కూర్చునే సేట్లు, నేను మంచినీళ్లిచ్చి మర్యాద చేసినవాళ్లు, అందరూ నా ఎదుటే ఆ పేరు ఫోన్లో కొట్టుకుని నెట్ వాడుకున్నారు. అప్పుడు మా అమ్మాయి గుర్తొచ్చింది. ట్యూషన్ అయ్యాక నేరుగా ఆఫీసుకొచ్చి, నా పని తెమిలేదాకా ఓ మూల కుర్చీలో ఫోను చూసుకుంటూ కూర్చుంటుంది.

ఇంటికొచ్చి బెండకాయలు తరుగుతూ అడిగాను. "మా ఆఫీసు పాస్‌వర్డ్ ఏందో నీకు ఎరికేనా?"

"ఎరికే అమ్మా."

"మరి నాకెందుకు చెప్పలే? అందరు నన్ను జూసి నవ్వుతాంటే నీకేం అనిపియ్యలేదా?"

అది పుస్తకంలోంచి తల ఎత్తలేదు. గొంతులో కోపం కూడా లేదు.

"నాకు ఎరికైన రోజే చెప్దామని నీ టేబుల్ కాడికొచ్చిన. జర ఆగు అన్నవు. ఆగిన."