సింహం వీపు మీద పీట

నంద్యాలలో మా హాలును ఆఫ్రికా అడవిలా అలంకరించుకుంటున్న రోజులవి. ఎండుగడ్డి రంగు కర్టెన్లు, గోడ నిండా జిరాఫీల బొమ్మలు అయ్యాక ఆళ్లగడ్డలో ఒక రాతి సింహాన్ని చెక్కించాను. తీరా వచ్చిన సింహానికి మెడలో గంటలు, వీపు మీద పీట!

"ఇదేందన్నా?" అన్నాను శిల్పితో.

"అమ్మోరు యాడ కూసుంటాదమ్మా మరి? ఉత్త సింహాన్ని నేనెప్పుడూ చెక్కలే."

మొహం మాడ్చుకుని దాన్ని కర్టెన్ల వెనక్కి నెట్టించాను.

ఓ మధ్యాహ్నం మా మూడేళ్ల పాప కనిపించలేదు. వీధంతా వెతికి, ఏడుస్తూ హాల్లోకి వచ్చేసరికి గాలికి కర్టెన్ తొలగింది. బంగారు రంగు వెలుగులో, ఆ పీట మీద ముడుచుకుని, సింహం జూలు పట్టుకుని పాప నిద్రపోతోంది.

కాసేపు లేపబుద్ధి కాలేదు. తర్వాత శిల్పికి ఫోన్ చేశాను.

"అన్నా, నీ పీట మీద అమ్మోరు కూసునింది."