వంతలో ‘ఖురూజ్’ పెట్టిన పాపం

నా జన్మలో ఒకే ఒక్క జానపద పాట కట్టాను. దాంతో పన్నెండు మంది ఉద్యోగాలు ఊడబోయాయి. పాట బాగాలేక కాదండీ, వినకూడని మనిషికి మరీ బాగా అర్థమై. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

అప్పుడు నేను సౌదీలోని హుఫూఫ్‌లో ఏసీ డక్టుల పనివాణ్ణి. రేకు కోయడం, వంచడం, నిచ్చెనెక్కి బిగించడం. మా కంపెనీ అక్కడి సర్కారు పెట్టిన నితాఖత్ లెక్కలో ఎరుపులో పడింది. అంటే పనిలో సౌదీవాళ్లు తక్కువ, మనవాళ్లు ఎక్కువ. ఎరుపులో ఉంటే ఆ దేశంలో ఉండనిచ్చే మా ఇఖామా కార్డులు రెన్యువల్ కావు. దానికి తోడు మనిషికింత అని కంపెనీ సర్కారుకు కట్టే లెవీ. కొందరిని ఇంటికి పంపేస్తారని పుకారు. క్యాంపు గేటు దగ్గర కారు ఆగిన చప్పుడైతే చాలు, ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం క్యాంపు గదిలో పన్నెండు మందిమీ గోడలకు ఆనుకుని ఎవరి దిగులు వాళ్లం మింగుతున్నాం. మాలో పెద్దవాడు, ప్లంబర్ గంగారాం కాక నా వైపు తిరిగాడు.

"ఏందిర రాజేశం, సావుకు వచ్చినోళ్ల లెక్క కూసున్నం. ఊళ్లె పాటలు కడుతుంటినని కోతలు కోస్తివి గద. ఒకటి కట్టరాదు?"

నిజం మీకు చెబుతాను, కాకకు చెప్పలేదు. ఊళ్లో నేను వంత పాడేవాణ్ణి, అదీ వెనక వరుసలో. అయినా పదకొండు మంది చూస్తుంటే ఎవడు ఒప్పుకుంటాడు?

"పాట కట్టుడంటే రేకు కోసుడనుకున్నవా కాకా? దానికో పద్ధతుంటది" అన్నాను గొంతు సవరించుకుని. "ముందుగాల దరువు. తర్వాత మనిషి మనిషితోటి మాట్లాడినట్టుండే చరణం. అన్నిటికన్న ముఖ్యం వంత. ఒక్కటే మాట, దెబ్బ కొట్టినట్టు పడాలె."

డప్పు లేదు. నీళ్ల డ్రమ్ము బోర్లించాం. డప్పును మంట మీద కాస్తేనే మోగుతుంది కాబట్టి దీన్నీ కాయాలని నేను పట్టుబట్టాను. "అది తోలు కాదన్నా, పిలాస్టిక్!" అని మల్లేశం డ్రమ్మును పొయ్యి దగ్గర్నుంచి లాక్కున్నాడు. ఈ మల్లేశం నా పక్క మంచం వాడు, పెయింటర్.

ఇక వంత మాట. ‘లెవీ’ అని చూశాం, తుస్సుమంది. ‘నితాఖత్’ అంటే సగం మంది నాలుక కరుచుకున్నారు. అప్పుడు నా బుర్రలో మెరిసింది: ఖురూజ్! దేశం వదిలి వెళ్లిపోవడానికి వేసే ఎగ్జిట్ ముద్రకు అరబ్బీ మాట. దరువు మీద పెడితే కర్రతో కొట్టినట్టు పడింది. పది రోజులుగా మా నిద్ర చెడగొట్టిన మాటను పట్టుకొచ్చి పాటలో కూర్చోబెట్టాను. భయాన్ని వెక్కిరిస్తున్నానని నా గర్వం.

"ఎండల రేకులు మోసెటోడా!"

"ఖురూజ్ ఖురూజో!"

"ఇంటికి ఎన్నడు పోతవు కొడుకా?"

"ఖురూజ్ ఖురూజో!"

ఏం ఊపండీ అది! పన్నెండు మందిమి ఆరుబయటికి వచ్చి, వరుస కట్టి, అడుగులేస్తూ, పిడికిళ్లెత్తి మరీ పాడాం. అంతలో గేటు దగ్గర తెల్ల కారు. ఆ గోలలో చప్పుడు ఒక్కరికీ వినబడలేదు. తలతిప్పి చూస్తే కఫీల్! మా ఇఖామాలన్నీ ఎవరి పేరు మీద ఉన్నాయో ఆ యజమాని. పక్కన పాకిస్తానీ ఫోర్‌మన్ బషీర్.

కఫీల్‌కు తెలుగు రాదు. మా పాట మొత్తంలో ఆయనకు తెలిసింది ఒకే ఒక్క మాట.

గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. కళ్లు చెమర్చాయి. బషీర్ మా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"అరే భాయ్, కఫీల్ బహుత్ ఖుష్! ఛే ఆద్మీ కో భేజ్నా థా, కైసే బోలూఁ సోచ్ రహా థా. తుమ్ బారా కే బారా తయ్యార్!"

ఆరుగురిని పంపాలట. ఆ మాట ఎలా చెప్పాలా అని మథనపడుతూ వచ్చాడట. మేం పన్నెండు మందిమీ పిడికిళ్లెత్తి ఎగ్జిట్ అడుగుతున్నామట! బషీర్ అప్పటికే పెన్ను తీశాడు.

"గానా ఇస్కా హై! హమ్ ఖాలీ పీఛే బోల్తా!" అంటూ, పాట నాదేనని, తాము వెనక వంత పలికామంతేనని మల్లేశం వేలు నావైపు చూపించాడు. మిగతా పది వేళ్లూ అటే లేచాయి. గంగారాం కాకవైతే రెండు చేతులూ.

"హాదా గినా! మాఫీ ఖురూజ్!" అన్నాను. ఇది పాట, ఎగ్జిట్ కాదు అని నా గోడు. బషీర్ కూడా అటు తిరిగి ఏదో సర్దిచెప్పాడు. కఫీల్ నమ్మలేదు. పాటైతే ఆ మాట లేకుండా పాడమన్నాడు.

భయంలో మెదడు పనిచేయడం మానేసింది. నాకొచ్చిన అరబ్బీ మాటలు గుప్పెడు. వాటిలోంచి ‘తజ్‌దీద్’ ఏరుకున్నాను. రెన్యువల్ అని అర్థం. డ్రమ్ము మీద దరువేసి అందుకున్నాను.

"ఎండల రేకులు మోసెటోడా!"

"తజ్‌దీద్ తజ్‌దీదో!" అని పదకొండు గొంతులు ప్రాణభయంతో అరిచాయి.

కఫీల్ మొహంలో వెలుగు ఆరిపోయింది. కాసేపు ఓపిగ్గా విని, బషీర్ చెవిలో ఒక మాట చెప్పి కారెక్కాడు.

"క్యా బోలా?" అన్నాను, డ్రమ్మును కావలించుకునే.

"పహ్లా వాలా గానా అచ్ఛా థా, బోలా" అన్నాడు బషీర్.

మొదటి పాటే బాగుందట!

తర్వాత తొమ్మిది రోజులు నాకు అన్నం రుచి తెలియలేదు. చివరికి ఆరుగురి పేర్లు వచ్చాయి. వాటిలో నాది లేదు. ఒక ఆసుపత్రిలో డక్టుల పని సగంలో ఉంది, రేకు కోసే మనిషి కావాలి. ఆ ఆరుగురూ బస్సెక్కుతుంటే మాలో ఎవరికీ పాట రాలేదు.

అందుకని అయ్యలారా, అమ్మలారా, నా రేకు కత్తెర మీద ఒట్టేసి చెబుతున్నాను. బతికినన్నాళ్లూ పాస్‌పోర్టు ఆఫీసు ఫారంలో కనబడే ఏ మాటనూ వంతకు వాడను. తప్పనిసరై పాడవలసి వస్తే ముందు గేటుకు తాళం వేస్తాను.