ఆవిరమ్మ రాసుకున్న కాగితం

ఆపరేషన్ కత్తులు, కత్తెరలు, గుడ్డలు మూటలు కట్టి ఆవిరి యంత్రంలో శుద్ధిచేసే గది ఆమెది. ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉండడంతో ఆస్పత్రిలో అందరికీ ఆవిరమ్మ అయిపోయింది. దేవుడు చూస్తూనే ఉన్నాడు, మన గొప్ప మనమే చెప్పుకోవడం దేనికి అనుకునే మనిషి. అందుకే ఏటా నింపే కాగితంలో "మీరు సాధించినవి" అన్నచోట "చెప్పుకోదగ్గవి లేవు" అని రాసి ఇచ్చేసేది.

ఇప్పుడు ఆ గదికి పెద్దను వేస్తున్నారు. ఆ పని ఆమెకు కాక, మూడేళ్ళ క్రితం ఆమె దగ్గరే మూట కట్టడం నేర్చుకున్నవాడికి ఇస్తున్నారని తెలిసి ఆఫీసుకు వెళ్ళి అడిగింది. అధికారి ఆమె ఫైలు తిప్పి చూపించాడు.

"నన్నేం చేయమంటారమ్మా? ఏ ఏడు చూసినా లేవు, లేవు, లేవు! ఇది మీ చేతిరాతే కదా? అతను మూడు పేజీలు రాశాడు. సాయంత్రం ఫైలు పైకి పోతుంది."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అధికారి మీద కొంత, తన మీద మరింత.

ఆమె గదిలోకి రాగానే, వరండా ఊడ్చే అమ్మాయి పలకరించింది. "ఏంటి పిన్నీ, ముఖం కందగడ్డలా ఉంది?"

"నా నోట్లో నేనే మట్టి కొట్టుకున్నానే! వినయమట, వినయం!"

సంగతంతా విన్న ఆ పిల్ల మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. "గుడ్డలు నే మడతపెడతాలే. నువ్వు కూర్చుని రాయి."

యంత్రం నడుస్తుండగా ఆవిరమ్మ స్టూలు మీద కూర్చోవడం అదే మొదలు. "ఏదో నా చేతనైనంత" అని మొదలుపెట్టి, కాగితం చిరిగేలా కొట్టేసింది. మళ్ళీ రాసింది. రోజుకు అరవై మూటలు. పదకొండు మందికి పని నేర్పాను. మీరు పెద్దను చేస్తున్నవాడు పదకొండోవాడు. ఒకసారి మూటల మీది పట్టీలకు నల్లగీతలు పడలేదు, అంటే లోపల వేడి చాలలేదు. పెద్ద డాక్టరు కేకలేసినా తలుపుకు అడ్డం నిలబడి ఒక్క మూటనూ కదలనివ్వలేదు. మళ్ళీ ఆవిరి పట్టించాకే ఇచ్చాను.

ఆ ఏడు కూడా "లేవు" అనే రాశానని గుర్తొచ్చి పళ్ళు నూరింది.

యంత్రం ఆపి, మూటలు దించి, ఆఫీసుకు వెళ్ళింది.

"అక్కడ పెట్టి వెళ్ళండమ్మా."

"చదవండి. నేనిక్కడే ఉంటా."

అతను చదివాడు. తలుపు సంగతి దగ్గర ఆగాడు. "ఇది నాకెవరూ చెప్పలేదే!"

"మీరు మనుషుల్ని అడగరు, కాగితాన్ని అడుగుతారు. ఆ కాగితం నోరు నేనే నొక్కాను. తప్పు ఇద్దరిదీ."

అతను కాసేపు గడ్డం గోక్కున్నాడు. పైకి పంపాల్సిన కట్టలోంచి ఆ ఫైలు బయటికి లాగాడు.

"సరే. రేపు ఇద్దర్నీ కూర్చోబెట్టి అడుగుతాం. పదింటికి రండి."

ఎప్పుడూ "మీ దయ సార్" అనే మనిషి ఇవాళ అనలేదు.

"పదింటికి ఆపరేషన్ మూటలు దించాలి. పదకొండు పెట్టండి."

అతను ఫైలు మీద రాసుకున్న పది కొట్టేసి పదకొండు వేసేదాకా ఆమె అక్కడే నిలబడింది.