ఐజాజ్ ఆటోలో వెనక చెక్క

గురజాల ఊరి చివరి మిర్చి షెడ్డులో తొడిమెలు తీసే ఆడవాళ్ళకు గుల్జార్ బేగం మేస్త్రి. పద్దెనిమిదేళ్ళు తనూ అదే నేల మీద కూర్చుని తొడిమెలు తీసింది. ఇప్పుడు నిలబడి తిరుగుతుంది, అంతే తేడా. ఆ ఘాటుకు కొత్తవాళ్ళు తుమ్ముతారు. ఆవిడకు మాత్రం బజారులో మామూలు గాలి తగిలితే తుమ్మొస్తుంది.

ఈ ఏడాది యజమాని చెన్నకేశవరావు ముఖం చూసి హాజరు వేసుకునే మిషన్ ఒకటి గేటు దగ్గర పెట్టించాడు. పొద్దున అందరూ బుద్ధిగా ముఖం చూపిస్తారు. సాయంత్రం ఆరయ్యేసరికి మర్చిపోతారు. అందరిలోకీ ఆసియా మరీను. పనిలో ఆమె చేతి వేగం ఎవరికీ రాదు గానీ, ఆ నెలలో పదకొండు సాయంత్రాలు మిషన్‌కు కనబడకుండానే వెళ్ళిపోయింది.

"బేగమ్మా, ఆ పిల్లను మాన్పించు. ఒకర్ని పంపితే మిగతావాళ్ళకు గుర్తుంటది," అన్నాడు చెన్నకేశవరావు.

"పది రోజులియ్యండి సార్. అప్పటికీ మారకపోతే నేనే మాన్పిస్తా."

అనేసింది గానీ, ఆసియాను పనిలోకి తెచ్చింది తనే. ఆ మాట ఏ నోటితో చెప్పాలి?

అందరికీ గుర్తుండాలని మిషన్‌కు ఎర్ర రిబ్బను కట్టింది. ఆరింటికి గేటు దగ్గర నిలబడి గొంతు పోయేలా అరిచింది. మాచవరం ఆడవాళ్ళను పొద్దున తెచ్చి సాయంత్రం తీసుకెళ్ళే ఐజాజ్ ఆటో హారన్ ముందు ఆ గొంతు ఎవరికి వినబడుతుంది? నాలుగో రోజు ఇక లాభం లేదని, సంగతేమిటో చూద్దామని, మిషన్‌కు ముఖం చూపించి తనూ ఆ ఆటో ఎక్కబోయింది. అప్పటికే లోపలంతా నిండిపోయింది. మిగిలింది ఆటో వెనక కట్టిన చెక్క. కాళ్ళు రోడ్డు మీద వేలాడేసుకుని, దారంతా దుమ్ము తిని, కనుబొమలు తెల్లబడి మాచవరంలో దిగింది.

"ఏందే ఆసియా, రోజూ నిజంగానే మర్చిపోతన్నావా?"

"మర్చిపోయేదేముంది ఆపా. మిషన్ కాడ ఆగితే ఆ చెక్కే గతి. మర్చిపోయానంటే మాత్రం ఎవరూ ఏమీ అనరుగా," అంది ఆసియా నవ్వు ఆపుకుంటూ.

మర్నాడు గుల్జార్ బేగం ఐజాజ్‌ను పిలిచింది. "ఒరేయ్, ఇకనుంచి ముందొచ్చినోళ్ళకు సీటు కాదు. పొద్దున మిషన్‌కు ఎవరు ముందు కనబడితే, సాయంత్రం మధ్య సీట్లు వాళ్ళవి. సాయంత్రం కనబడకుండా పోయినోళ్ళకు మర్నాడు సాయంత్రం చెక్కే. వరస నేను చెప్తా."

సీటు ఖాయమయ్యాక పరుగులు ఆగిపోయాయి. రెండు రోజులకు ఐజాజ్ తల గోక్కుంటూ వచ్చాడు.

"ఖాలా, పొద్దున వచ్చేటప్పుడు చెక్క మీద కూర్చున్నోళ్ళే ముందు దూకి మిషన్‌కు ముఖం చూపిస్తన్నారు. ఇప్పుడు దానికోసం కొట్లాడుకుంటన్నారు."

"కొట్లాడుకోనీరా. ఇన్నాళ్ళూ వద్దన్న చెక్కేగా."

పదో రోజు పొద్దున చెక్క ఆసియాకే దక్కింది, సాయంత్రం మధ్య సీటూ దక్కింది. దర్జాగా కూర్చుంది. ఆటో కదలబోతుంటే నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆపా, ఈసారి నిజంగానే మర్చిపోయా."

క్యారేజీ సీటు మీద పెట్టి పరిగెత్తింది. ముక్కుకు చుట్టిన చున్నీతో మిషన్ ఆమెను గుర్తుపట్టలేదు. చున్నీ లాగేసి మళ్ళీ నిలబడితే అప్పుడు కుయ్యిమంది. తిరిగొచ్చేసరికి గుల్జార్ బేగం ఆ సీట్లో క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"లే ఆపా, అది నా సీటు."

"కాసేపు కూర్చోనియ్యవే. ఎట్టుంటదో చూడనీ."

గేటు దగ్గర చెన్నకేశవరావు ఫోనులో హాజరు రెండుసార్లు చూసుకున్నాడు. "ఒక్క పేరూ తగ్గలేదే. సరే, ఆ పిల్లను ఉండనీ. ఇంతకీ ఏం చేశావు బేగమ్మా?"

"నేనేం చేశాను సార్," అంది ఆవిడ దిగుతూ. "అందరికీ కూర్చోను చోటు చూపించా."