చప్పుడు లేని బండి

దర్శి రోడ్డులోని జిన్నింగ్ మిల్లుకి, పత్తి ఎత్తిపోసే కరెంటు లోడరు బండి వచ్చిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు. బుడే సాహెబు మాత్రం తాళంచెవి భయంభయంగా అందుకున్నాడు. దాన్ని నడపాల్సినవాడు ఆయనే మరి.

భయపడటం ఆయనకి కొత్త కాదు. పాతికేళ్ల వయసులో ఈ మిల్లులో మొదటి లోడరెక్కిన నాటి నుంచీ భయంతోనే కాపరం చేస్తున్నాడు. ఆ మొదటి బండికి నెత్తిన రేకు, కింద ఇనుప సీటు, అంతే. లివర్లు లాగీ లాగీ సాయంత్రానికి భుజాలు పట్టేసేవి. బ్రేకు నాలుగుసార్లు తొక్కితే గాని పడేది కాదు. వీటన్నిటినీ సహించవచ్చు, సైలెన్సరునే సహించలేం. దాంట్లోంచి ఒక్క రవ్వ ఎగిరి పత్తి కుప్పలో పడితే పైకి ఏమీ కనపడదు. లోపల్లోపలే రాజుకుని, మనం అన్నం తింటుండగా ఒక్కసారి భగ్గుమంటుంది. సైలెన్సరుకి తడి గోనె చుట్టి, అది ఆరిందేమోనని గడియకోసారి తడిమి చూసుకుంటూ ఆయన యవ్వనమంతా గడిపేశాడు.

రెండో బండి నడుం దగ్గర వంగి, ఇరుకులో కూడా ఇట్టే తిరిగేది. అద్దాల గదిలో ఏసీ. లివర్లన్నీ పోయి బొటనవేలంత పిడి మిగిలింది. రవ్వలు బయటికి రాకుండా గొట్టానికి జల్లెడ బిగించారు. అయినా ఆ గొట్టం వంక చూడకుండా ఆయన ఏనాడూ బండి ముందున్న బకెట్టు ఎత్తలేదు.

ఇప్పుడిది మూడోది. గొట్టమే లేదు. పొగ లేదు, వేడి లేదు, రవ్వ లేదు. వెనక ఏముందో తెర మీద బొమ్మ చూపిస్తుంది, బకెట్టులో ఎంత బరువుందో అంకె చెబుతుంది. ముప్పై ఏళ్ల నిప్పు భయం ఒక్క పూటలో తీరిపోవాల్సింది. కానీ తాళం తిప్పాక కూడా బండి నడుస్తోందో లేదో తెలియలేదు. అంత నిశ్శబ్దం. అక్కడే ఆయనకి కొత్త భయం పట్టుకుంది.

ఎందుకో చెప్పాలి. పత్తిలో ఆకూ చెత్తా ఏరే ఆడవాళ్లకి ఒక అలవాటుంది. మధ్యాహ్నం తిన్నాక చెప్పులు విడిచి, కుప్ప అంచులో గూడు చేసుకుని అందులో నడుం వాలుస్తారు. మెత్తగా ఉంటుంది, ఎండ తగలదు. ఎవరు వద్దన్నా మానరు. లోడరు ఇంకా షెడ్డు అవతల ఉండగానే దాని మోతకి లేచి కూర్చుంటారు. ఆ మోతే వాళ్లకి గడియారం, కాపలాదారు, అన్నీ. వాళ్లలో బుడే సాహెబు భార్య గుల్జార్ బేగం కూడా ఉంది.

ఆయనది దూదేకుల ఇల్లు. తండ్రి విల్లు మీటుతూ దూది ఏకుతుంటే ఆ టంయ్ టంయ్ శబ్దానికే పిల్లలు దూరంగా జరిగేవాళ్లు. పత్తి పనంటే చప్పుడుండాలని ఆయన లెక్క.

"ఇది వెనక్కెళ్తే కూత్తది. ముందుకెళ్తే మూగనోమేంది బాబూ?" అని సూపర్‌వైజరు ప్రసన్నకుమార్‌ని అడిగాడు.

"హారన్ కొట్టండి సాయిబ్‌గారూ. దానికింత ఆలోచనేంటి?"

కుర్రవాడికేం తెలుసు! గేటు దగ్గర లారీలూ ట్రాక్టర్లూ పొద్దస్తమానం హారన్లు కొడుతూనే ఉంటాయి. ఆ గోలలో ఎవరు ఏ హారన్‌కి తలెత్తుతారు?

ఆ మధ్యాహ్నం గేటు బయట పత్తి లారీలు బారులు తీరాయి. కుప్ప త్వరగా తరగాలని ప్రసన్నకుమార్ తొందరపెడుతున్నాడు. బుడే సాహెబు హారన్ కొట్టాడు, బకెట్టు కుప్పలోకి దూర్చాడు, ఎత్తాడు, వెనక్కి లాగాడు. కుప్ప నెత్తిన ఉన్న పత్తి జారి కిందికి కూలింది. అది మామూలే. ఆ బకెట్టు తీసుకెళ్లి గింజ వేరుచేసే జిన్ను యంత్రంలోకి పత్తిని లాక్కునే గొట్టం దగ్గర ఒంపేసి తిరిగి వచ్చాడు.

కుప్ప ముందు, పత్తితోపాటు బయటికి ఈడ్చుకొచ్చిన ఆకుపచ్చ పట్టీల చెప్పుల జత పడి ఉంది. ఒకదాని పట్టీకి తీగ కుట్టు ఉంది. పొద్దున ఆ కుట్టు వేసింది ఆయనే.

తను ఇందాక ఎత్తుకెళ్లిన బకెట్టులో ఏముంది? గొట్టం వైపు చూశాడు. కుప్ప వైపు చూశాడు. ఎటు పరుగెత్తాలో తెలియలేదు. బండి ఆపి దూకి కుప్ప మీద పడ్డాడు. రెండు చేతులా పత్తి పెకలిస్తూ "ఏమే! ఏమే! ఎక్కడున్నావే?" అని అరిచాడు.

నాలుగు వైపులా ఆడవాళ్లు లేచారు. "ఎవర్నయ్యా పిలుస్తన్నావు?" అని ఒకామె అడిగింది. ఆయన చెప్పులు చూపించాడు. గుల్జార్‌తో కలిసి పత్తి ఏరే రెబెకా ఆ చెప్పులు గుర్తుపట్టి "గుల్జారక్కా!" అని కేక పెట్టింది. అందరూ ఎగబడి తవ్వారు. ముందు మడమ దొరికింది. తర్వాత మనిషి దొరికింది.

జుట్టు నిండా, నోటి నిండా పత్తి. కాసేపు ఊపిరి ఆడలేదు. రెబెకా నోట్లో వేలు పెట్టి పత్తి లాగితే దగ్గు వచ్చింది. నీళ్లు తాగాక మొగుడి వంక చూసి గుల్జార్ బేగం అన్న మొదటి మాట ఇది.

"నువ్వెప్పుడొచ్చావయ్యా? బండి ఇనపడనే లేదే!"

బుడే సాహెబు అందరి ముందూ నేల మీద కూలబడి ఏడ్చాడు. సిగ్గుపడాలని కూడా తోచలేదు.

ఇంటికెళ్లాక ఆమె చెప్పిన సంగతి ఆయన్ని ఇంకా వణికించింది.

"మీద పడింది తెలిసిందయ్యా. నిద్దట్లో దుప్పటి కప్పినట్టుంది. నువ్వు ఏమే అన్నది కూడా చెవిన పడింది. ఎవురి మొగుడో ఎవుర్నో పిలుస్తన్నాడులే అనుకుని కళ్లు తెరవలా. గుల్జారక్కా అన్నాక లేవబోయా. అప్పటికి నోట్లో పత్తే."

పెళ్లయిన నాటి నుంచీ ఆయన భార్యని పేరు పెట్టి పిలవలేదు. ఆయన తండ్రీ పిలవలేదు. ఏమే, ఇదిగో, ఇట్రా, ఈ మూడింటితోనే సంసారం సాగిపోయింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా నోరు ఆ మూడింటి దగ్గరే ఆగిపోయిందని తలుచుకుంటే ఆయనకి అన్నం దిగలేదు.

మర్నాడు ఎద్దు మెడలోని గంట తెచ్చి బకెట్టుకి కట్టబోయాడు. ప్రసన్నకుమార్ పరుగెత్తుకొచ్చి ఆపాడు. ఈసారి కుర్రవాడి మాటే న్యాయం. గంట నాలుక ఊడి పత్తిలో పడి జిన్నులోకి వెళితే రవ్వ పుడుతుంది, మిల్లంతా అంటుకుంటుంది. తప్పించుకున్నాననుకున్న పాత భయం మళ్లీ ఎదురొచ్చింది.

"మరి నేనే అరుస్తా" అన్నాడు బుడే సాహెబు.

అప్పటి నుంచీ బకెట్టు దూర్చే ముందు బండి ఆపి దిగుతాడు. కుప్ప చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. పలికితేనే తర్వాతి పేరు. టైము పోతోందని ప్రసన్నకుమార్ గొణుగుతాడు. గొణగనీ.

మొదటి రోజు పిలిచినవాళ్లందరూ పలికారు. ఇక మిగిలింది ఒక్క పేరు. గొంతు సవరించుకున్నాడు, తడబడ్డాడు, కళ్లు మూసుకుని మిల్లంతా వినపడేలా పిలిచాడు.

"గుల్జారూ!"

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. జవాబు రాలేదు. ఆమె పమిట అడ్డం పెట్టుకుని రెబెకా వెనక నక్కిందని ఆయనకి తెలియదు. ఒక్క పరుగున కుప్ప దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పత్తిలోకి దూర్చాడు.

"గుల్జారూ! గుల్జారూ!"

ఆ గొంతు విని ఆడవాళ్ల నవ్వు ఆగిపోయింది. రెబెకా పక్కకి జరిగింది. గుల్జార్ బేగం పమిట దించి, వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఉన్నానయ్యా. ఈడే ఉన్నా. ఎక్కు, బండెక్కు."