తందాన తాన అని ఊరుకోమంటే

ఊరి చెరువు కట్ట తెగాలంటే ముసురు పట్టాలి, వాగులు పొంగాలి, నానా బీభత్సం జరగాలి. కథలో చెరువు కట్ట తెగాలంటే నా నోరొక్కటి చాలు. ఇప్పుడు చెప్పబోయేది ఆ ప్రమాదం గురించే. కంగారు పడకండి, ప్రాణనష్టం జరగలేదు. అసలు ప్రమాదమే అది. చావాల్సిన మనిషి చావలేదు.

అప్పుడు నేను హనుమకొండలో డిగ్రీ రెండో ఏడు. మా నాన్న కాజీపేటలో పార్సిల్ గుమస్తా కాబట్టి మా కాపురం రైల్వే కాలనీలో. మే నెల వచ్చిందంటే అక్కడ పట్టాల మీద అట్లు పోసుకోవచ్చు. బుద్ధి ఉన్నవాళ్లు కిటికీలకు తడి గోనెసంచులు కట్టుకుని పడుకుంటారు. మా కాలనీవాళ్లు వేసవి సంబరాలు పెట్టుకునేవాళ్లు! పట్టాల కింద వేసే పాత స్లీపర్ చెక్కలు పేర్చితే స్టేజీ, వ్యాగన్ల మీద కప్పే టార్పాలిన్ వేలాడదీస్తే తెర. ఒక సాయంత్రం పాటలు, ఒక సాయంత్రం నాటకం, ఒక సాయంత్రం కవ్వాలీ. పక్కనే మెయిన్ లైను. గూడ్సు బండి వస్తే ఏ రాగంలో ఉన్నవాళ్లు ఆ రాగంలో బొమ్మల్లా నిలబడిపోయి, ఆఖరి డబ్బా దాటాక తెగిన అక్షరం దగ్గరే మళ్లీ అందుకునేవాళ్లు. ఈ విద్య ఏ గురువూ నేర్పడు. ఆ బండ్లే నేర్పాయి.

ఆ ఏడు మేం ముగ్గురం ఆడపిల్లలం బుర్రకథ ఎత్తుకున్నాం. నడుమ తంబుర పట్టి కథ చెప్పేది విజయ. గార్డు నర్సయ్య గారి బిడ్డ. నోరు విప్పితే కోకిల, విప్పకపోతే ఆవు. అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ వంత పాడేది మేమిద్దరం. ఎడమ పక్క నూర్జహాన్, హాస్యం వంత. కుడి పక్క నేను, రాజకీయం వంత. లోకం తీరు మీద చురకలు వేయడం రాజకీయం వంత పని. ఆ పనికి కాలనీలో నాకంటే తగినవాళ్లు ఎవరని నన్ను నేనే ఎన్నుకున్నాను. పోటీ లేదు. పోటీకి వస్తే వాదించాల్సి వస్తుందని అందరికీ తెలుసు.

తీరా రిహార్సల్‌కు కూర్చుంటే నాకు ఒళ్లు మండింది.

"ఏమే విజయా, నాకు మాటలేవీ?"

"ఉన్నయి గదనే. 'ఆహా', 'ఔరా', 'ఎంత త్యాగం', ఇగ తందాన తాన."

"బీఏల పొలిటికల్ సైన్స్ చదువుతాన్న. గది చదివింది ఔరా అనెతందుకా?"

"అరే, మరింకెందుకు చదువుతానవ్?" అంది నూర్జహాన్, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

చివరికి నల్లా నీళ్ల మీద ఒక చురక, కిరోసిన్ లైను మీద ఒక చురక ఇచ్చి నన్ను సముదాయించారు. పులికి పుల్లట్టు పెట్టి పడుకోబెట్టినట్టు.

కథ విజయ వాళ్ల నానమ్మ లచ్చవ్వ చెప్పిందే. ఊరిపెద్ద ఒకాయన చెరువు కట్టిస్తాడు. కట్ట నిలవదు, కట్టినప్పుడల్లా గండి. చిన్న కోడల్ని బలిస్తేనే నిలుస్తుందని అమ్మవారు ఆయన కలలోకి వచ్చి చెబుతుంది. కోడలు పసుపు కుంకుమలు పెట్టుకుని గండిలో దూకుతుంది. కట్ట నిలుస్తుంది. అందరూ కళ్లు తుడుచుకుని ఇళ్లకు పోతారు.

ప్రోగ్రాం నాడు మధ్యాహ్నం విజయ నా చెయ్యి పట్టుకుని తంబుర మీద పెట్టుకుంది.

"ఒట్టు పెట్టు సుగుణా. నాయిన వస్తాండు. ఎన్నడు నా పాట సక్కగ కూసొని వినలే. ఒక్కసారి సూస్త, మంచిగుంటె సంగీతం కాలేజీల చేరు, లేకుంటె నోర్మూసుకొని టైపు నేర్చుకో అన్నడు. నీ కాల్మొక్త, ఇయ్యాల ఒక్కరోజు ఎవ్వలతోని కొట్లాడకు."

"నేనెప్పుడన్న కొట్లాడిన్నా?" అన్నాను. ఆ మాట మీదే నూర్జహాన్‌తో కాసేపు కొట్లాడాను కూడా. కానీ ఒట్టు పెట్టాను, మనస్ఫూర్తిగానే పెట్టాను. 'నోరు మంచిదైతే ఊరు మంచిది' అంటారు. నా నోరు మంచిదేనండీ. ఆ రోజు ఊరే కొంచెం తేడాగా కూర్చుంది.

పొద్దు గూకే వేళకు మైదానం నిండిపోయింది. ముందు వరుస చాపల మీద లచ్చవ్వ, పక్కన ఆమె కోడలు అనసూయమ్మ, అంటే విజయ వాళ్లమ్మ. అత్త ముందు అనసూయమ్మ గొంతు విన్నవాళ్లు కాలనీలో లేరు. ఆమెకు మాటలు రావని అనుకున్న అమాయకులూ ఉన్నారు. ఆ వెనక కుర్చీలో తెల్ల డ్రెస్సు, మెడలో ఈల, కాళ్ల దగ్గర చేతి లాంతరుతో నర్సయ్య గారు. రాత్రి ఎనిమిది గంటలు దాటాక బండి ఎక్కాలి. మొహం చూస్తే సిగ్నల్ పడని బండిలా ఉన్నారు.

కథ మొదలైంది. నేను ఔరా అన్నాను, ఆహా అన్నాను, నల్లా నీళ్ల మీద చురక వేశాను. జనం నవ్వారు. విజయ గొంతు ఆ వేడిలో కుండనీళ్లలా దిగుతోంది. నర్సయ్య గారి పాదం తాళం వేయడం నేను కళ్లారా చూశాను. ఇంకో పావుగంట నేను మనిషిలా ఉంటే చాలు, ఆ పిల్ల బతుకు ఒడ్డున పడ్డట్టే.

"చిన్న కోడలా, మా తల్లీ, కట్ట నిలవాలంటే నువ్వే బలి కావాలె..." అని మామ అడిగే దగ్గరికి వచ్చింది. అంతలో గూడ్సు. మేం ముగ్గురం బొమ్మల్లా నిలబడ్డాం. దడదడమని డబ్బాలు పోతూనే ఉన్నాయి. ఆఖరి డబ్బా దాటింది. మైదానమంతా సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, బండి చప్పుడు మీద గొంతెత్తి పక్కావిడతో మాట్లాడుతున్న లచ్చవ్వ మాట పిడుగులా పడింది.

"పోతె పోనీ తియ్యి, కోడలే గదా!"

ఇక్కడ నేను అనాల్సిన మాట 'ఔరా, ఎంత త్యాగం!' నా నోట్లో 'ఔ' వరకు వచ్చింది కూడా. అన్నది మాత్రం ఇది.

"ఏందవ్వా? కోడలైతే పోవచ్చునా? కట్ట కట్టించింది మామ, గండి పడ్డది మామ కట్టకు. మరి మామ దుంకడేంది?"

విజయ నవ్వుతున్న మొహంతోనే, పళ్ల సందుల్లోంచి "తందాన తాన అనే!" అంది. నూర్జహాన్ గుమ్మెట దబదబా బాదింది. లాభం లేదు. మైదానం మధ్యలోంచి ఎవరో ఆడమనిషి "అడుగు బిడ్డా, అడుగు!" అని కేకేసింది. నాకంతే చాలు. పట్టా తప్పిన ఇంజన్‌ను వెనక నుంచి నెట్టినట్టయింది.

లచ్చవ్వ లేచి నిలబడింది. "నడుమ నువ్వెవతివే? అమ్మోరు అడిగింది, ఇచ్చిండ్రు."

"అమ్మోరు ఎవలకు చెప్పింది?"

"మామ కలలకొచ్చి చెప్పింది!"

"ఆహా! మామ కలలకొచ్చి కోడల్ని అడిగింది. గదే కోడలి కలలకొస్తే ఎవల్ని అడుగుతుండెనో!"

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు సద్దుమణిగాక, ముందు వరుసలోంచి ఎవరూ ఎన్నడూ వినని ఒక సన్నని గొంతు వినిపించింది. అనసూయమ్మ చాప అంచు వేలితో దువ్వుతూ, తల దించుకునే, అంది కదా.

"నా కలలకు రోజొస్తది."

ఇక చూడండి! అత్తలు ఒక వైపు, కోడళ్లు ఒక వైపు చాపలు జరుపుకున్నారు. తువ్వాలలు భుజాల మీద వేసుకుని మగవాళ్లు ఎటు కూర్చోవాలో తెలియక నిలబడిపోయారు. "కట్ట మట్టి సక్కగ తొక్కియ్యలేదంటాన!" అని నేను ఒక పక్క. "శాస్త్రం తెల్వది, సంప్రదాయం తెల్వది!" అని లచ్చవ్వ ఒక పక్క. నూర్జహాన్ అందరికీ దండాలు పెడుతూ, "అరే, ఎవలెందుకు? నేను దుంకుత! నన్ను దుంకనియ్యిరి, కథన్న ఒడుస్తది!" అని బతిమాలుతోంది.

అప్పుడు విజయ వైపు చూశాను. తంబుర తీగ మీద వేలు అలాగే ఆగిపోయింది. కళ్లు నిండిపోయాయి. ఆమె నన్ను చూడటం లేదు. వాళ్ల నాన్నను చూస్తోంది. ఆయన కుర్చీలోంచి లేచారు. నా నోరు దానంతట అదే మూతపడింది. అంతకు ముందు జరగని వింత. 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల' అన్నారు పెద్దలు. మే నెలలో కాజీపేటలో అడుసు తొక్కితే కడుక్కోవడానికి నల్లాలో చుక్క రాదని వాళ్లకు తెలియదు పాపం.

నర్సయ్య గారు ఈల నోట పెట్టి ఊదారు.

రైల్వే కాలనీలో ఈల పడితే పాలు తాగే పిల్ల కూడా ఆగుతుంది. మైదానం మొత్తం ఆగింది. ఆయన తల్లి ఆగింది, భార్య ఆగింది, నేను సరేసరి. ఆయన లాంతరు ఎత్తారు, అద్దం తిప్పారు. ఆకుపచ్చ వెలుగు తిన్నగా విజయ మొహం మీద పడింది.

"లైన్ క్లియర్ బిడ్డా. కథ నడిపియ్యి. ఆ కోడలు పిల్ల సంగతేమైతదో తెల్వకుంట నేను డ్యూటీ ఎక్కలేను."

విజయ తంబుర సర్దుకుంది. పాత కథ పాడితే కోడళ్లు ఊరుకోరు, ఆపేస్తే అత్తలు గెలుస్తారు. తంబుర మీటింది. రిహార్సల్‌లో లేని పాట, ఎవరూ రాయని పాట, అక్కడికక్కడే అందుకుంది.

"మామా ఓ మామా, గండి కాడికి రావయ్యా
నువ్వు కట్టిన కట్టకు నువ్వే కావలి కావయ్యా
తట్ట నీకు, పార నీ కొడుక్కు, ముంత నీళ్లు నాకయ్యా
ఊరు తాగే నీళ్లకు ఊరే మన్ను పొయ్యాలయ్యా"

ఆ గొంతులో ఇంకా ఏడుపు జీర ఉంది, దాని మీంచి కోపం లేచింది, దాని మీంచి పాట లేచింది. మామ తట్ట ఎత్తాడు, కొడుకు పార పట్టాడు, ఊరంతా గండి మీద మన్ను పోసింది. నేను తందాన తాన అనడం కూడా మరచిపోయి నోరు తెరుచుకుని నిలబడితే, నూర్జహాన్ నా కాలి మడమ మీద తన్నింది. ఆ లోటు కూడా తెలియలేదు లెండి. అప్పటికే మైదానమంతా తందాన తాన అంటోంది. కట్ట నిలిచింది. కోడలు బతికింది. లచ్చవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "మా నాయనమ్మ గూడ గిట్లనే చెప్తుండె, నేనే మర్శిన" అని పక్కావిడకు చెప్పింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ పిల్లలకు ఆ కథ అలాగే చెప్పింది, తనదేనని ఒట్టేసి మరీ.

తెర వెనక మేం ముగ్గురం గజ్జెలు విప్పుతుంటే నర్సయ్య గారు వచ్చారు. విజయ లేచి నిలబడింది. ఆయన కూతురి తల మీద చెయ్యి వేసి, "సోమవారం పోయి సంగీతం కాలేజీల దర్ఖాస్తు తెచ్చుకో బిడ్డా" అన్నారు. అంతకంటే ఎక్కువ మాట్లాడితే ఆయన గొంతు కూడా పట్టా తప్పేదేమో.

విజయ నన్ను వాటేసుకుంది. వాటేసుకుందండీ, తంబుర పెట్టి కొట్టలేదు! అందుకు నేను ఈనాటికీ ఆమెకు రుణపడి ఉన్నాను. నేనైతే కొట్టేదాన్ని.

నర్సయ్య గారు లాంతరు అందుకుని రెండడుగులు వేసి, ఆగి, నా వైపు తిరిగారు.

"సుగుణా."

"చెప్పండి కాకా."

"నువ్వు మాత్రం టైపు నేర్చుకో బిడ్డా. మిషన్‌తోని ఎంత కొట్లాడినా అది తిరిగి మాట్లాడది."

నేర్చుకున్నాను. చేరిన మొదటి రోజే సార్‌తో మీటల వరుస ఎందుకు అలా ఉందని వాదించాను, అది వేరే సంగతి. కానీ ఆ టైపే నాకు ఉద్యోగం పెట్టింది, ఆ ఉద్యోగమే నన్ను నా కాళ్ల మీద నిలబెట్టింది. విజయ సంగీతం పంతులమ్మ అయింది. ప్రతి వేసవిలో పిల్లలతో ప్రోగ్రాం పెడుతుంది, నాకు ముందు వరుసలో కుర్చీ వేయిస్తుంది. మైకు మాత్రం నా చేతికి అందనంత దూరంలో పెట్టిస్తుంది. ఆ కాలనీ, ఆ స్లీపర్ చెక్కలు, నా నోటిని భరించి తమ నోరు కలిపిన ఆ జనం, వాళ్ల పుణ్యమే నేనింత చల్లగా ఉన్నాను.

కాబట్టి ఇందుమూలముగా సమస్త ప్రజానీకానికి ప్రమాణపూర్వకంగా తెలియజేయునది ఏమనగా: ఇకపై ఏ వేదిక మీద ఎవరు ఏ కథ చెప్పినా, ఎవరు ఎవరిని ఏ గండిలో దూకమన్నా, నేను తందాన తాన తప్ప మరొక్క మాట మాట్లాడను. ఈ ప్రమాణాన్ని నేను నిలబెట్టుకోలేనని ఎవరైనా అంటే రండి, తేల్చుకుందాం.